పాటలో కత్తి: నిషేధించాలా, లేబుల్ వేయాలా, ఇంటికే వదిలేయాలా?

ఈసారి స్కూల్ యాన్యువల్ డేకి మా చిన్నోడి క్లాసుకి ఒక మాస్ పాట వచ్చింది. వాడిది మూడో తరగతి. ఇరవై మంది పిల్లలు, నల్ల చొక్కాలు, నుదుటన నిలువు బొట్టు, చేతుల్లో అట్ట కత్తులు. కత్తులు ఇంట్లోనే చేసి పంపమని డైరీలో రాశారు. ముందు రోజు రాత్రి కూర్చుని అట్టపెట్టె కోసి, వెండి కాగితం అంటించి, కొసకి ఎర్ర వాటర్ కలర్ పూశాను. "ఇంకొంచెం పూయి మమ్మీ, రక్తం లెక్క కనపడాలె" అన్నాడు వాడు. ఇంకొంచెం పూశాను. మర్నాడు పాటలో నరుకుడు లైను రాగానే కత్తులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. హాలంతా ఈలలు. మా ఆయన కుర్చీ మీదకెక్కి వీడియో తీశారు. అబద్ధమెందుకు, నేనూ చప్పట్లు కొట్టాను.

ఇంటికొచ్చాక ఆ వీడియో చూసి అత్తయ్య ఒక్క మాటే అడిగారు. "ఎవర్ని నరుకుతున్నర్రా బిడ్డా?"

వాడు కాసేపు ఆలోచించాడు. "తెల్వదు నానమ్మా."

ఆ జవాబు నన్ను వదల్లేదు. ఇలాంటి పాటల్ని ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా మూడు దారులు వినిపిస్తాయి. సెన్సార్ చేయాలని కొందరు, వయసు లేబుల్ వేస్తే చాలని కొందరు, అది తల్లిదండ్రులు చూసుకోవాల్సిన పని అని మిగతావాళ్లు. వీటిలో ఏది మేలో తేల్చే ముందు, పాట పిల్లల్ని నిజంగా మారుస్తుందా అన్నది చూడాలి.

దీని మీద తరచూ చెప్పుకునే అధ్యయనం అమెరికాలో 2003లో వచ్చింది. క్రెయిగ్ ఆండర్సన్ అనే సైకాలజిస్టు బృందం ఐదు ప్రయోగాల్లో ఐదొందల మందికి పైగా కాలేజీ విద్యార్థులకి హింస ఉన్న పాటలూ, లేని పాటలూ వినిపించింది. తర్వాత సగం అక్షరాలున్న మాటల్ని పూర్తి చేయమనడం లాంటి పరీక్షలు పెట్టింది. హింస పాట విన్నవాళ్లకి కొట్టడం, గొడవ లాంటి ఆలోచనలు ఎక్కువగా వచ్చాయి. కోపం నిండిన పాట వింటే లోపలి కోపం దిగిపోతుందని మా మరిది వాదిస్తాడు. ఈ ఫలితాలు ఆయన వైపు లేవు. అయితే అక్కడ కొలిచింది పాట ఆగిన వెంటనే ఉన్న మూడ్‌నే. ఆ ప్రభావం కాసేపే ఉండొచ్చని రాసినవాళ్లే ఒప్పుకున్నారు. ఒక మనిషి పాట విని వెళ్లి ఎవరినో పొడిచాడని అందులో ఎక్కడా లేదు. ఇంకోటి, అమెరికాలో కుర్రాళ్ల హింసా నేరాలు 1990ల మధ్య నుంచి బాగా తగ్గాయి. ర్యాప్ పెద్ద వ్యాపారంగా ఎదిగింది కూడా ఆ ఏళ్లలోనే.

మన ఊళ్లో నాకు కనిపించేది వేరు. పుట్టినరోజు కేకుని తల్వార్‌తో కోసి, రీల్ పెట్టి, మర్నాడు పోలీస్ స్టేషన్‌లో తల వంచుకుని నిలబడిన కుర్రాళ్ల వార్తలు హైదరాబాద్‌లో కొత్త కాదు. తల్వార్ కొనమని ఏ పాటా చెప్పి ఉండదు. దాన్ని ఏ భుజం మీద పెట్టుకోవాలి, బండి దిగి ఎంత నెమ్మదిగా నడవాలి, ఎక్కడ తల ఎత్తి చూడాలి, ఇవన్నీ పాటలోంచే వచ్చాయి. పగ ఎక్కడి నుంచి వస్తుందో గానీ, దానికి స్టైల్ మాత్రం పాటే ఇస్తోంది. నా లెక్క ప్రకారం ప్రభావం ఉంది, కానీ జనం భయపడే రకం కాదు.

ఇక సెన్సార్. సినిమాకి ఉన్నప్పుడు పాటకి ఎందుకు ఉండకూడదని కొందరు అడుగుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. చిక్కేమిటంటే, 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం సర్టిఫికెట్ అడిగేది తెర మీద ఆడే సినిమాకి. రిలీజ్‌కి నెల ముందే యూట్యూబ్‌లోకి వచ్చే లిరికల్ వీడియోకి అది అక్కర్లేదు. హాల్లో ఒక మాటని మ్యూట్ చేయించేసరికి ఆ మాట మా కాలనీ పిల్లలందరికీ నోటికొచ్చేసి ఉంటుంది.

నిషేధం ఎలా పనిచేస్తుందో 2024 నవంబరులో ఇక్కడే చూశాం. పంజాబీ గాయకుడు దిల్జిత్ దొసాంజ్ హైదరాబాద్ కచేరీకి ముందు రంగారెడ్డి జిల్లా సంక్షేమ అధికారి నుంచి నోటీసు వెళ్లింది. మందునీ, డ్రగ్స్‌నీ, హింసనీ పొగిడే పాటలు పాడొద్దని అందులో ఉంది. ఆయన మందు మాట వచ్చిన చోట కోక్ అని మార్చి పాడారు. అసలు మాట అందరి ఫోన్లలోనూ అలాగే ఉంది. ఆ వెంటనే అహ్మదాబాద్ వేదిక మీద, రాష్ట్రాలన్నీ మద్యం ఆపేస్తే నేనూ ఆ పాటలు ఆపేస్తానన్నారు. మా గల్లీ మొగలో సాయంత్రం వైన్స్ ముందు గుమిగూడే జనాన్ని చూస్తే ఆయన్ని తప్పు పట్టబుద్ధి కాదు. ఆ నోటీసులో ఎవరూ అంతగా మాట్లాడుకోని ఇంకో భాగం ఉంది: పిల్లల్ని స్టేజీ ఎక్కించొద్దు, ఆ సౌండు వాళ్ల చెవులకి మంచిది కాదు. నాకు పనికొచ్చే మాటగా అనిపించింది అది. దానికి మళ్లీ వస్తాను.

సెన్సార్ అంటే నాకున్న అసలు భయం వేరే. తెలంగాణలో ఎవర్నడిగినా చెప్పే పాట "బండెనక బండి కట్టి". నైజాము సర్కారుకి గోరీ కడతామంటుంది ఆ పాట. గోరీ అంటే సమాధి. మాటల జాబితా పట్టుకుని కూర్చున్న అధికారికి ఇది హింసే, కేసు కట్టాల్సిన హింస. 1940ల్లో దాన్ని పాడుకున్న రైతుకి మాత్రం ఎవరికి గోరీ, ఎందుకు గోరీ అన్నది బాగా తెలుసు. అత్తయ్య అడిగిన ప్రశ్నకి ఆ పాటలో జవాబుంది, మా వాడి పాటలో లేదు. ఆ తేడాని ఏ నిబంధనలో రాస్తారు? ఆ పాటని సినిమాలో పాడి ఊరూరా చేర్చిన గద్దర్ ఏళ్ల తరబడి అజ్ఞాతంలో గడిపారు. 1997లో ఆయన మీద కాల్పులు జరిగాయి. 2025 జూన్‌లో ప్రభుత్వమే ఆయన పేరు మీద సినిమా అవార్డులిచ్చింది. ఏ పాట ప్రమాదమో తేల్చే కుర్చీలో ఈ ఏడు ఎవరుంటారో, వచ్చే ఏడు ఎవరుంటారో చెప్పలేం. పంజాబ్‌లో 2022లో తుపాకుల్ని పొగిడే పాటల్ని నిషేధించారు. అలాంటి పాటలు ఎన్ని ఆగిపోయాయో అక్కడి పెళ్లి బరాత్‌లకి వెళ్లినవాళ్లని అడగాలి.

లేబుల్ దీనికంటే మెత్తని మందు. 1985లో అమెరికాలో ఒక సెనేటర్ భార్య టిప్పర్ గోర్ తన కూతురు వింటున్న పాట చూసి ఉలిక్కిపడి మరికొందరితో కలిసి ఉద్యమం మొదలుపెట్టారు. సెనేట్‌లో విచారణ జరిగింది. క్యాసెట్ల మీద తల్లిదండ్రులకి హెచ్చరిక స్టిక్కరు వచ్చింది. పాట బతికింది, కొనేవాళ్లకి సమాచారమూ దొరికింది. ఆ పద్ధతిలో నాకు నచ్చేది అదే. కానీ స్టిక్కరుకి ఒక దుకాణం కావాలి, కౌంటరు కావాలి, పక్కన అమ్మ నిలబడాలి. మా ఇంట్లో పాట యాప్‌లో దానంతటదే వచ్చేస్తుంది. ఆ యాప్‌లో బూతులున్న పాటల పక్కన చిన్న గుర్తు ఉంటుంది. తలలు తెగిపడే తెలుగు పాట పక్కన ఆ గుర్తు చూసిన జ్ఞాపకం నాకు లేదు. 2023 సవరణతో సినిమాలకి యూఏ (పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్)లోనే ఏడు, పదమూడు, పదహారేళ్ల మెట్లు వచ్చాయి. లిరికల్ వీడియోలకీ అవే మెట్లు పెడితే ఎవరికీ నష్టం లేదు. పదమూడేళ్లవాడికి పదహారు అన్న అంకె ఎంత ఊరిస్తుందో కూడా తెలుసు, అయినా ఇది నాకు సమ్మతమే.

ఇంటికే వదిలేయమనే సలహా సాధారణంగా ఇంట్లో పిల్లలతో గడపడానికి టైమున్నవాళ్ల నుంచి వస్తుంది. ఇంట్లో ఏం వినాలో నేను చెప్పగలను. స్కూల్ వ్యాన్‌లో డ్రైవరన్న పెట్టిన పాట వినకుండా మా వాడు చెవులు మూసుకోలేడు. వినాయక మండపం స్పీకర్లు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బర్త్‌డే పార్టీ, ఫంక్షన్ హాల్ డీజే, ఏదీ వాడు ఎంచుకున్నది కాదు.

అందుకే పాటలోని మాటలకంటే అది మోగే చోటు మీద ఆంక్ష పెట్టడం మేలని నాకు అనిపిస్తుంది. ఇరవై ఏళ్లవాడు తన ఇయర్‌ఫోన్స్‌లో ఏం వింటాడో వాడిష్టం. మూడో తరగతి స్టేజీ, స్కూల్ వ్యాన్, పిల్లలున్న పందిరి, ఇవి మాత్రం మన చేతిలో ఉన్నవి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేల్ని ఆపేసినప్పుడు ఏ పాటలో ఏముందో వెతకలేదు. స్పీకర్ పెట్టె ఎక్కడ, ఎంత సౌండుతో మోగుతోందన్నదే చూశారు. వ్యాన్‌లో ఏ పాట పెట్టాలో స్కూలే ఒక కాగితం మీద రాసి ఇవ్వొచ్చు. దానికి చట్టం అక్కర్లేదు, బోర్డూ అక్కర్లేదు. ఏ కవి కలానికీ అడ్డం పడదు. పూర్తి రక్షణా కాదు, దాన్ని దాటడానికి సెలవుల్లో మేనమామ ఫోను చాలు.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఇదే మాట క్లాస్ టీచర్‌తో అన్నాను. ఆవిడ నవ్వేసి, "మేము శాస్త్రీయ నృత్యమే అనుకున్నాం మేడమ్. పేరెంట్సే మాస్ సాంగ్ కావాలన్నారు, గ్రూపులో ఓటింగ్ కూడా పెట్టాం" అన్నారు. ఆటోలో ఇంటికొస్తూ వాట్సాప్ గ్రూపులో వెనక్కి జరుపుకుంటూ పోయాను. పదిహేడు ఓట్లు. తొమ్మిదోది నాది.