సమైక్యతా సంఘానికి రెడీమేడ్ బైలాస్: విశాఖలో దొరికే రిజిస్ట్రేషన్ ప్యాకేజీ ఎంతవరకు పనికొస్తుంది?

విశాఖలో మత సామరస్యం, జాతీయ సమైక్యత కోసం బస్తీల్లోంచి ఒక సంఘం కడదామనుకునేవాళ్లు ముందుగా వెళ్లేది కన్సల్టెంట్ దగ్గరికో, డాక్యుమెంట్ రైటర్ దగ్గరికో. అక్కడ దొరికేది ఒక ప్యాకేజీ: పేరు పరిశీలన, మెమోరాండం (సంఘం పేరు, ఆశయాలు రాసే పత్రం), బైలాస్ (సంఘం నడవాల్సిన నియమాలు), దరఖాస్తు దాఖలు, సర్టిఫికెట్, పాన్ కార్డు, రబ్బరు స్టాంపు. ఇది ఏ ఒక్క దుకాణం మీదా రాస్తున్నది కాదు. దాదాపు అన్నిచోట్లా ఒకే అచ్చులో వచ్చే సరుకు గురించి. దాఖలు పని వరకు ఇచ్చిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. బైలాస్ మాత్రం అపార్ట్‌మెంట్ సంఘానికి సరిపోతాయి గానీ, పదిరకాల మనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టాలనుకునే సంఘాన్ని మొదటి గొడవకే రెండు ముక్కలు చేస్తాయి.

ముందు బాగున్నది చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆధార్ నకళ్లు, ఫొటోలు, సంతకాలు, సాక్షులు, కార్యాలయ చిరునామాకు ఇంటి యజమాని నిరభ్యంతర పత్రం, కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు. ఇవన్నీ వరసగా పేర్చి పెట్టడంలో వీళ్లకు చెయ్యి తిరిగి ఉంటుంది. దరఖాస్తులు వెనక్కి రావడానికి కారణాలు చాలావరకు చిన్నవే: ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, మెమోరాండంలో ఒకలా ఉండటం, యజమాని చనిపోయినా బిల్లు ఆయన పేరు మీదే వస్తుండటం. అనుభవమున్న రైటర్ వీటిని ముందే పట్టేస్తాడు.

పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. సమైక్యత అనగానే 'జాతీయ', 'భారత', 'గాంధీ' అని పెట్టాలనిపిస్తుంది. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం ప్రకారం ప్రభుత్వ ఆదరణ ఉన్నట్టు తోచే పేర్లకు, మహాత్మాగాంధీ పేరుకు ఆంక్షలున్నాయి. బస్తీ పేరుతో మొదలుపెడితే ఈ చిక్కే రాదు, పైగా ఆ సంఘం ఎవరిదో ఊరికి తెలుస్తుంది. లెటర్‌హెడ్ మీద మూడు సింహాల బొమ్మ వేసిస్తామంటే ఒప్పుకోవద్దు. 2005 నాటి జాతీయ చిహ్నం చట్టం కింద అది రెండేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం.

ఇక మెమోరాండం, బైలాస్. ఆశయాల పేజీతోనే తేడా మొదలవుతుంది. రెడీమేడ్ పత్రంలో కుట్టుమిషన్ శిక్షణ, వృద్ధాశ్రమం, గుడి జీర్ణోద్ధరణ, క్రీడలు అన్నీ కలిపి ఇరవై ముప్పై ఉంటాయి. సామరస్యం ఎక్కడో చివర్న ఒక ముక్క. అందులో ఒక మతానికి చెందిన పని ఒక్కటి ఉన్నా, వేరే మతంవాళ్లుండే బస్తీ పెద్దలు ఆ కాగితం చదివిన రోజున మనకు చెప్పడానికి మాట ఉండదు. ఒక మతానికో కులానికో మాత్రమే మేలు చేసే సంస్థకు విరాళమిస్తే, ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్ను మినహాయింపు కూడా రాదు. ఆశయాలు అయిదారు చాలు. మొదటిది రాజ్యాంగం 51ఏ(ఇ)లోంచే తీసుకోవచ్చు: మత, భాష, ప్రాంత, వర్గ భేదాలకు అతీతంగా ప్రజల్లో సామరస్యం, సోదరభావం పెంపొందించడం. అది పౌరుడి ప్రాథమిక విధి. దాన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

రెండో లోపం, అన్నిటికన్నా ప్రమాదమైనది, వ్యవస్థాపక సభ్యుల క్లాజు (నిబంధన). 'వ్యవస్థాపకులు జీవితకాలం కార్యవర్గంలో ఉంటారు' అన్న వాక్యం చాలా పత్రాల్లో చడీచప్పుడు లేకుండా కూర్చుని ఉంటుంది. సంతకం పెట్టే ఏడుగురూ సాధారణంగా ఒకే వీధివాళ్లు, చాలాసార్లు ఒకే సామాజిక వర్గంవాళ్లు. అంటే సంఘం పుట్టిన రోజే ఒక వర్గానిదైపోతుంది. ఆ వాక్యం కొట్టేసి, కార్యవర్గంలో ఏ ఒక్క సముదాయమూ మూడో వంతు మించకూడదని, స్త్రీలు మూడో వంతుకు తగ్గకూడదని, ఒక్కో పేట నుంచి ఇద్దరికి మించి రాకూడదని రాసుకోవాలి. పాతపట్నంలో దర్గా కొండ, రాస్ హిల్, వేంకటేశ్వర కొండ పక్కపక్కనే ఉన్నాయి. ఆ మూడింటి కింద ఉన్న వీధులవాళ్లు ఒకే కార్యవర్గంలో కూర్చోకపోతే సమైక్యత అన్న మాటకు అక్కడ అర్థం లేదు. ఉక్కునగరం, గాజువాక, మల్కాపురం వైపు అయితే మతం ఒక్కటే కాదు, భాష కూడా లెక్కలోకి తీసుకోవాలి. సమావేశం నోటీసు తెలుగుతోపాటు హిందీ, ఒడియా, ఉర్దూల్లో వెళ్లాలని బైలాస్‌లోనే ఉంటే, తర్వాత ఎవరో గుర్తుచేయాల్సిన అవసరం ఉండదు.

కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు లెక్క, చాలామంది చూడరు. సగం మంది హాజరు కావాలని అచ్చులో ఉంటుంది. మూడువందల మంది సభ్యులు చేరాక నూటయాభై మందిని ఒక పూట కూర్చోబెట్టడం ఉక్కు కర్మాగారం షిఫ్టుల ఊళ్లో అయ్యే పని కాదు. అయిదో వంతు చాలు. కోరం లేక వాయిదా పడితే అరగంట తర్వాత వచ్చినవాళ్లతోనే నడపవచ్చని, అయితే బైలాస్ సవరణ మాత్రం అలా చేయకూడదని రాసుకోవాలి. వార్షిక సమావేశానికి నెల కూడా ఎంచుకోండి. జాలరిపేటవాళ్లు సభ్యులైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో, వాళ్లు ఒడ్డునే ఉంటారు. అందులో సింహాచలం చందనోత్సవం రోజును, ఆ రెండు నెలల్లో పడే ఇతర పండుగలను తప్పించి తేదీ పెడితే సరిపోతుంది.

సమావేశానికి నెల ఎంచుకోవడమన్న విషయం పైకి కనిపించేదానికన్నా పెద్దది. సర్వసభ్య సమావేశం జరిగిన పదిహేను రోజుల్లోగా కార్యవర్గ జాబితా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. చాలా సంఘాలు చచ్చిపోయేది ఇక్కడే. జాబితా ఏళ్ల తరబడి వేయరు, తర్వాత ఒకరోజు రెండు వర్గాలు రెండు జాబితాలు పట్టుకుని వస్తాయి. ఆ తగువు 2001 సొసైటీల చట్టంలోని 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికో, జిల్లా కోర్టుకో వెళ్తుంది. ఈలోగా బ్యాంకు ఖాతా కదలదు. ప్యాకేజీలో ఈ వార్షిక దాఖలు దాదాపు ఎప్పుడూ కలిసి ఉండదు. ముందే అడిగి రేటు రాయించుకోండి.

బ్యాంకు క్లాజులో 'అధ్యక్షుడు, కార్యదర్శి కలిసి గానీ విడివిడిగా గానీ' అని ఉంటుంది. ఆ 'విడివిడిగా' అన్న మాట తీసేయండి. ముగ్గురి పేర్లు ఇచ్చి, వాళ్లలో ఇద్దరు సంతకం చేస్తేనే డబ్బు కదిలేలా రాయండి, ఆ ఇద్దరూ ఒకే పేటవాళ్లు కాకూడదు. సభ్యత్వ రుసుము వెయ్యి రూపాయలని అచ్చులో ఉంటే పది రూపాయలు చేయండి, ఇళ్లలో పనికి వెళ్లే మనిషి కూడా ఓటున్న సభ్యురాలు కావాలి.

విరాళాల గురించి ప్యాకేజీలో ఒక్క ముక్క ఉండదు, కానీ విశాఖలో ఇది తప్పక తెలియాలి. అమెరికాలో ఉన్న బంధువు భారతీయ పాస్‌పోర్టుతో ఉంటే ఇవ్వవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) మీద వచ్చేవారైతే, రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ సొమ్మే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా తీసుకుంటే నేరం. ఆ రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. కొత్త సంఘం ఆ ఆశ వదులుకోవడమే మేలు.

అచ్చులో అసలు లేని రెండు క్లాజులు చేర్చుకోవాలి. ఒకటి, ఎన్నికల్లో పోటీ చేసినా, పార్టీ పదవి తీసుకున్నా కార్యవర్గ పదవి ఆ రోజే పోతుంది. 98 వార్డుల నగరంలో మంచి సంఘాలు కార్పొరేటర్ టికెట్ల దగ్గరే విరిగిపోతాయి. రెండోది పుకారు క్లాజు. ఊళ్లో ఉద్రిక్తత ఉన్నప్పుడు సంఘం తరఫున ఏ ప్రకటన వెళ్లినా వేర్వేరు సముదాయాల వారు ఇద్దరు సంతకం చేయాలి, వాళ్లలో ఒకరైనా ఆ చోటికి వెళ్లి కళ్లారా చూసి ఉండాలి. 1984లో ఘోరమైన అల్లర్లు చూసిన భివండిలో తర్వాత పోలీసు అధికారి సురేశ్ ఖోపడే రెండు మతాలవారితో మొహల్లా కమిటీలు వేయించారు. 1992-93లో పక్కనే ముంబై తగలబడుతున్నా భివండి ప్రశాంతంగా నిలబడింది. ఆ కమిటీలు గొడవ రాకముందు నుంచే కలుస్తూ ఉండటం దానికి పెద్ద కారణం. అందుకే నెలకొక పేట సమావేశం తప్పనిసరి అని కూడా రాయండి, మినిట్స్ బుక్కులో పేజీలకు ముందే అంకెలు వేయించండి.

కొనేటప్పుడు ఇలా అడగండి: 'బైలాస్ మావి, దాఖలు మీది. దాఖలుకు మాత్రమే ఎంత?' చాలామంది ఒప్పుకుంటారు, రేటు కూడా తగ్గుతుంది. ప్రభుత్వ రుసుము రసీదు వేరుగా తీసుకోండి. ఆన్‌లైన్ దాఖలు లాగిన్ వివరాలు, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు సంఘం మనిషివే ఉండాలి. రైటర్ నంబరు ఇస్తే వచ్చే ఏడాది జాబితా వేయడానికి మళ్లీ ఆయన వెంటే తిరగాలి. సర్టిఫికెట్ వచ్చిన రోజే బైలాస్ ధ్రువీకృత నకళ్లు మూడు తీసుకోండి: బ్యాంకుకు ఒకటి, పన్ను పనులకు ఒకటి, మూడోది ఏ సభ్యుడు అడిగినా చూపించడానికి.