రబ్బరు భేష్, రెసిన్ మాత్రం మన ఉక్కకి పనికిరాదు: బరంపురం నుంచి మినియేచర్ కాస్టింగ్ కిట్ రివ్యూ

ఆన్‌లైన్‌లో మౌల్డ్ మేకింగ్ స్టార్టర్ కిట్ అని దొరికే పెట్టె గురించి ఇది. మనం చేసిన చిన్న బొమ్మకి రబ్బరుతో అచ్చు తీసి, ఆ అచ్చులో రెసిన్ అనే గట్టిపడే ద్రవం పోసి నకళ్లు తీసుకోవడానికి ఇది. కిలో తెల్ల సిలికాన్ రబ్బరు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ చిన్న సీసా, అరకిలో చొప్పున రెండు సీసాల పాలియురెథేన్ రెసిన్, ప్లాస్టిక్ కప్పులు, ఐస్‌క్రీమ్ పుల్లలు, పల్చటి గ్లవ్స్, కొసరుగా కొన్ని రంగులూ బ్రష్షులూ. ధర రెండు వేల పైచిలుకు. అమ్మేవాళ్ల పేరు రాయట్లేదు, ఇదే సరుకు నాలుగైదు స్టిక్కర్ల మీద తిరుగుతోంది, ఫొటోలు కూడా అవే. సిలికాన్ కోసమైతే నిక్షేపంగా కొనుక్కోండి. రెసిన్ కోసమైతే, అందులోనూ గంజాం జిల్లాలో సముద్రపు గాలి తగిలే వైపు ఉంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

నేను చేసేవి 28 నుంచి 32 మిల్లీమీటర్ల బొమ్మలు, అంటే అంగుళం మీద కొంచెం. బల్ల మీద ఆడే ఫాంటసీ ఆటల్లో అందరూ వాడే కొలత ఇదే. 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చాక ఈ ఆటల చుట్టూ రాక్షసుల్నీ డ్రాగన్లనీ పోసి అమ్మే వ్యాపారం బాగా పెరిగింది, ఇంగ్లండులో సిటడెల్ మినియేచర్స్ 1979 నుంచీ ఆ పనిలోనే ఉంది. మనకి మాత్రం రాక్షసులకు కరువేముంది? నా బల్ల మీద ఓర్కులు ఉండవు, గండభేరుండం, శరభం, యాళి, తలకిందులుగా వేలాడే బేతాళుడు ఉంటారు. ఈ కిట్‌ని పరీక్షించింది మా అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, పులివేషం మీద. రెండేళ్లకోసారి మా ఊరి వీధుల్లో బాఘ వేషాలు చూసినవాళ్లకి ఆ నడుం ఊపు, ఆ తోక, ఒంటి మీద ఆ చారలు చెప్పక్కర్లేదు. దాన్నే సగం మనిషి సగం పులిగా మార్చి, గోళ్లు పెంచి, తోక పైకెత్తి చేశాను. అచ్చు పనికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు, ఎందుకంటే గోళ్లు, కోరలు, తోక కొస, ఇలా గాలి చిక్కుకునే చోట్లన్నీ ఒకే బొమ్మలో ఉన్నాయి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల్లో తేలు కాళ్లు ఎంత సన్నగా తీస్తారో చిన్నప్పట్నుంచీ చూసి ఉండటం వల్ల నాకు ఈ సన్నపనుల పిచ్చి, అది వేరే కథ.

మాస్టర్ బొమ్మ, అంటే అచ్చు తియ్యడానికి ముందు చేతితో చేసుకునే అసలు బొమ్మ, చెయ్యడానికి కిట్‌లో ఏమీ ఇవ్వరు, అది మన పూచీ. గ్రీన్ స్టఫ్ అనే పుట్టీ వస్తుంది, నీలం పట్టీ, పసుపు పట్టీ కలిపి పిసికితే పచ్చగా అవుతుంది, గంటా గంటన్నర పని చేసుకోనిస్తుంది, గట్టిపడ్డాక కూడా కాస్త వంగుతుంది. బట్ట మడతలు, జుట్టు, కండరాలు దాంతో వచ్చినంత బాగా నాకు ఇంకే పుట్టీతోనూ రాలేదు. పసుపు పట్టీ వాటా పెంచితే మెత్తగా, నీలం పెంచితే గట్టిగా ఉంటుంది. కానీ బయటి దేశం సరుకు, ధర మండిపోతుంది. అందుకని రాగి తీగ ఎముకల మీద ఒడ్డూ పొడుగూ ఎంసీల్‌తో పెంచి, పైచర్మానికి మాత్రం గ్రీన్ స్టఫ్ వాడతాను. ఎంసీల్‌ని గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్దొచ్చు, గ్రీన్ స్టఫ్‌ని రుద్దితే పీచు లేస్తుంది, కాబట్టి దాన్ని పచ్చిగా ఉన్నప్పుడే నున్నగా చేసుకోవాలి. పనిముట్లకి సర్జికల్ షాపుల్లో దొరికే పళ్ల డాక్టర్ల వ్యాక్స్ కార్వర్ ఒకటి, కుట్టుసూది ఒకటి చాలు, కొనకి కాస్త నీళ్లో వాజలీనో రాస్తే అంటుకోదు.

ఇక సిలికాన్. టిన్ క్యూర్ (తగరం కలిసిన హార్డెనర్‌తో గట్టిపడే రకం) అని డబ్బా మీద రాయలేదు గానీ, వందకి మూడు పాళ్లు హార్డెనర్ వెయ్యమన్నారంటే అదే అయి ఉండాలి, ప్లాటినం రకాల్లో సాధారణంగా సమానంగానో పదికి ఒకటిగానో కలుపుతారు. చాలామంది ప్లాటినమే గొప్పదంటారు, కుంచించుకుపోదు, అచ్చు ఏళ్ల తరబడి ఉంటుంది, అది నిజమే. కాకపోతే దానికి గంధకం తగిలితే గట్టిపడనే పడదు, పిల్లల రంగు క్లేల్లో కొన్నిటిలో గంధకం ఉంటుంది, లేటెక్స్ గ్లవ్స్ తగిలినా అదే గొడవ. టిన్ రకానికి ఆ పట్టింపుల్లేవు. గిరి రోడ్డులో స్కూలు సామాన్ల దగ్గర దొరికే క్లే తెచ్చి పులిని సగం దాకా అందులో పాతాను, చుట్టూ సన్‌బోర్డు ముక్కలు హాట్ గ్లూతో గోడకట్టాను, పెన్ను మొనతో మూలల్లో గుంటలు నొక్కాను. ఆ గుంటలే రెండు సగాలూ పక్కకి జరక్కుండా పట్టేవి. రెండో సగం పోసే ముందు మొదటి సగం మీద వాజలీన్ పల్చగా రాయడం మర్చిపోకండి, సిలికాన్ చాలా వస్తువులకి అంటుకోకపోయినా సిలికాన్‌కి సిలికాన్ ఇట్టే అతుక్కుంటుంది.

కాగితంలో రాసిన మూడు శాతం మన ఎండాకాలానికి ఎక్కువ. గాలిలో తేమ, గదిలో వేడి రెండూ టిన్ సిలికాన్‌ని తొందరపెడతాయి, బుడగలు పైకి రాకముందే చిక్కబడిపోతుంది. రెండు శాతం వేస్తే తీరిగ్గా పోసుకోవచ్చు, రాత్రి పోసింది తెల్లారేసరికి చక్కగా గట్టిపడుతోంది. అంతకన్నా తగ్గిస్తే జిగురుగా మిగిలిపోవచ్చు. ఇక్కడే కిట్ మీద నా మొదటి ఫిర్యాదు. హార్డెనర్ సీసా మీద గీతల్లేవు, సిరంజి ఇవ్వలేదు. వంద గ్రాములకి రెండు గ్రాములు కంటితో కొలిచేది కాదు, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా వేరుగా కొనాలి, ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

బుడగల్ని లాగేసే వాక్యూమ్ పంపు లేకపోయినా పని జరుగుతుంది. ముందు పాత బ్రష్‌తో బొమ్మంతా ఒక పూత, గోళ్ల సందుల్లోకి, కోరల వెనక్కి పొడుస్తూ వెయ్యాలి, తర్వాత పెట్టెలో ఒక మూల నుంచి, చెయ్యి బాగా ఎత్తి, సన్నటి ధారగా వదలాలి, ఆ ధారలోనే చాలా బుడగలు పగిలిపోతాయి. పొద్దున విప్పి లైటు కింద పెట్టి చూస్తే పులి నుదుటి మీద నా బొటనవేలి గీతలు వరసగా కనబడ్డాయి, మాస్టర్ మీద కంటికి ఆననివి అచ్చులో తేలాయి. అంత బాగా పట్టింది ఈ రబ్బరు.

మా వీధి చివర వినాయకుడి బొమ్మలు పోసే పెద్దాయన ఉన్నారు, ఆయనవన్నీ రబ్బరుపాల అచ్చులు, పూత మీద పూత వేసి రోజుల తరబడి ఆరబెట్టేవి. దీన్ని చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, అంచు పట్టుకుని లాగి, "ఏటిరా బాబూ, ఇంత సాగి సిరగదేటి?" అన్నారు. "గోరు దిగితే చిరుగుతుంది బాబాయ్" అన్నాను. నిజంగానే దీనికున్న లోపం అదే. సాగుతుంది, నలుగుతుంది, కానీ ఎక్కడైనా చిన్న కోత పడిందా, అక్కణ్ణుంచి చీలుకుంటూ పోతుంది. తోక దగ్గర విప్పేటప్పుడు ఓపిక పట్టాలి.

రెసిన్ దగ్గరికొస్తే కథ మారిపోతుంది. రెండు సీసాలూ సమానంగా తూచి, కలిపి, రెండు మూడు నిమిషాల్లో పోసెయ్యాలి, అరగంటలో బొమ్మ బయటికి. రాతల్లో బాగానే ఉంది గానీ ఈ నిమిషాలు మామూలుగా 25 డిగ్రీల గదికి చెప్పేవి. మే నెలలో మన గదుల్లో కలపడం పూర్తయ్యేలోపే కప్పు వేడెక్కి తెల్లబడటం మొదలెడుతుంది. పోనీ కొంచెం కొంచెం కలుపుకుంటే వేడిని సర్దుకోవచ్చు. తేమతోనే అసలు తంటా. ఈ రెండు రెసిన్ సీసాల్లో ఒకదాంట్లో ఉండేది ఐసోసయనేట్ అనే రసాయనం, దానికి నీటి తడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, అంటే పోత లోపలే నురగ. గోపాలపురం తీరం ఇక్కడికి 15 కిలోమీటర్లు, వానాకాలమంతా గాలి నిండా నీళ్లే. ఆ రోజుల్లో పోసిన పులిని విరిచి చూస్తే లోపలంతా ఇడ్లీలా గుల్ల, బయట గోళ్లకి కొసలు లేవు, తోక పొడుగునా సూది బెజ్జాలు. చలికాలంలో కొత్త సీసాలు తెరిచి, అదే అచ్చులో పోస్తే గట్టిగా, నున్నగా, కోరలతో సహా వచ్చింది. కాబట్టి సరుకు నాసిరకం అనను. కానీ ఇచ్చిన కాగితంలో తేమ అనే మాటే లేదు, పైగా కలపడానికి చెక్క ఐస్‌క్రీమ్ పుల్లలు ఇచ్చారు. చెక్కలో తేమ ఉంటుందని ఈ రెసిన్ అమ్మేవాళ్లకి తెలియదా? ప్లాస్టిక్ పుల్లో స్టీలు చెంచానో వాడండి, ఆ చెంచా మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. సీసాల్ని ఫ్రిజ్‌లో పెట్టే ఆలోచన కూడా చెయ్యొద్దు, చల్లటి సీసా మూత తియ్యగానే లోపల చెమట పడుతుంది.

వానాకాలంలోనే పొయ్యక తప్పదంటే కొంత మెరుగుపరచుకోవచ్చు. ఏసీ ఉంటే ముందే వేసి గది పొడిబారాక మొదలెట్టండి, అచ్చుకి హెయిర్ డ్రయ్యర్ పట్టి చల్లారనివ్వండి, లోపల టాల్కం పౌడరు అద్ది దులపండి, పౌడరు ఉంటే రెసిన్ సన్న సందుల్లోకి జారుతుంది. కొత్త అచ్చులో వెంటనే పొయ్యకండి, టిన్ సిలికాన్ గట్టిపడేటప్పుడు ఆల్కహాల్ వదులుతుంది, అది కూడా రెసిన్‌కి పడదు, ఒక రోజు ఆరనివ్వండి. మిగిలిన సీసాల్ని సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. రెసిన్ బొమ్మలు పోసే వృత్తివాళ్లు ప్రెషర్ పాట్‌లో పెట్టి బుడగల్ని నలిపేస్తారు, లోహం బొమ్మలు చేసే కంపెనీలు గట్టి రబ్బరు అచ్చుని గిర్రున తిప్పి ఆ విసురుకి లోహాన్ని మూలలకి తోస్తాయి. స్టార్టర్ కిట్ కొన్నవాడి ఇంట్లో ఈ యంత్రాలన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి.

నేనిప్పుడు వానాకాలంలో ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్‌కి మారిపోయాను. మెల్లగా గట్టిపడుతుంది, ఒక రోజంతా ఆగాలి, కానీ ఆ ఆలస్యంలోనే బుడగలు పైకి తేలిపోతాయి, తేమకి నురగ రాదు. ఉక్కలో పైన జిడ్డు పొర ఒకటి వస్తుంది, అది సబ్బు నీళ్లతో పోతుంది. సన్నటి కత్తులూ బల్లేలూ మాత్రం ఎండవేడికి కాస్త ఒరుగుతాయి, అలాంటివాటికి అచ్చులోనే తీగ ముక్క పెట్టి పోస్తాను.

జాగ్రత్తల గురించి కిట్‌లో ఒక్క ముక్క లేదు, ఇది నాకు బాగా కోపం తెప్పించింది. ఐసోసయనేట్ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం తెస్తుంది. మూసిన గదిలో, వంటింట్లో, పిల్లల దగ్గర పని చెయ్యకండి. ఏసీ కోసం గది మూయక తప్పకపోతే, పోత అవ్వగానే కిటికీలు తెరిచి బయటికి వచ్చెయ్యండి. ఇచ్చిన గ్లవ్స్ వేలు దూర్చగానే చిరుగుతాయి, నైట్రైల్‌వి కొనుక్కోండి. గట్టిపడ్డ బొమ్మని రుద్దేటప్పుడు గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దితే పొడి లేవదు.

కొసరు రంగుల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, చిక్కటి జిగురులో కాస్త రంగు కలిపినట్టున్నాయి, బ్రష్షులు మొదటి కడుగుకే విచ్చుకున్నాయి. మామూలు ఫెవిక్రిల్, కామ్లిన్ అక్రిలిక్‌లే నయం, నీళ్లు కలిపి రెండు మూడు పల్చటి పూతలు వేస్తే గోళ్ల గీతలు పూడిపోకుండా ఉంటాయి. అంతకు ముందు బొమ్మని గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి, వాజలీన్ మిగిలిన చోట రంగు నిలవదు, ఆరాక ఆటో పెయింట్ల కొట్లో దొరికే గ్రే ప్రైమర్ ఒక పలుచటి స్ప్రే. పులి చారలు నల్లరంగుతో వెయ్యలేదు, ముదురు గోధుమతో వేసి మధ్యలో మాత్రం నలుపు గీశాను. ఇంత చిన్న బొమ్మ మీద పచ్చి నలుపు పెడితే చూపు చారల దగ్గరే ఆగిపోతుంది, మొహం కనబడదు.

ఈ సిలికాన్ ఇంత బాగా పడుతోంది కదాని కంపెనీ బొమ్మ ఒకటి కొని నకళ్లు పోసి అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు నా దగ్గరికి సలహాకి రాకండి. అది ఎవరో నెలల తరబడి కూర్చుని చెక్కిన పని, కాపీరైటు ఉంటుంది. బరంపురంలో కూర్చుని చేసినా దొంగతనం దొంగతనమే.

సర్వీసు సంగతి. పార్సిల్‌లో రెసిన్ సీసా మూత కింద సీలు లేదు, అట్టపెట్టె అడుగు జిడ్డుగా ఉంది. ఫొటోలు పెడితే రసాయనాలకి రిటర్న్ లేదన్నారు, కొంచెం వాదించాక ఆ ఒక్క సీసా మళ్లీ పంపారు, దానికి సీలు ఉంది. తేమ గురించి అడిగితే "ఒరిజినల్ ప్రోడక్ట్ సార్" అని జవాబు, మళ్లీ అడిగినా అదే జవాబు. సిలికాన్ ఒక్కటే వేరుగా కూడా అమ్ముతున్నారు, కిట్ ధరలో సగం లోపే, నేను ఇకమీదట అదే తెప్పిస్తాను. హార్డెనర్ మాత్రం విడిగా అమ్మరట. రెండు శాతం లెక్కన వాడేవాళ్లకి సీసాలో ఎలాగూ మిగులుతుంది, మూత బిగించి చీకట్లో దాచుకోండి.