న్యేపి రోజు బాలిలో: అద్దె గదా, హోటలా, పడవెక్కి పోవడమా?

మార్చిలో బాలికి వెళ్లి నెలో రెండు నెలలో ఉండేవాళ్లకు మధ్యలో న్యేపి, అంటే బాలి హిందువుల నిశ్శబ్ద దినం, తగులుతుంది. శక సంవత్సరానికి అది తొలిరోజు. శకం మన శాలివాహన శకమే. 2023లో ఉగాది, న్యేపి రెండూ మార్చి 22నే. 2026లో రెండూ మార్చి 19న. అన్ని ఏళ్లూ ఇలా కలవవు. 2024లో న్యేపి మార్చి 11న వస్తే మన ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది.

తిథి కలిసినా పండగ తీరు వేరు. ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా నిప్పు, పని, ప్రయాణం, వినోదం నాలుగూ నిషిద్ధం. ఎయిర్‌పోర్టు మూసేస్తారు, రేవులూ మూతే. 2018 నుంచి ఆ 24 గంటలూ మొబైల్ డేటా కూడా ఆపేస్తున్నారు. వీధుల్లో గళ్ల పంచె కట్టిన పెచలాంగులు, అంటే ఊరి కాపలా మనుషులు, తిరుగుతుంటారు. గేటు దాటితే టూరిస్టునైనా వెనక్కి పంపేస్తారు. అత్యవసరమైతే ఆంబులెన్స్‌ను మాత్రం వదులుతారు.

ఈ ఒక్కరోజు ఎక్కడ గడపాలి? నెల పైన ఉంటున్నవాళ్లయితే ఉన్న గదిలోనే ఉండటం మేలు. అయితే ఏర్పాట్లన్నీ ముందురోజు మధ్యాహ్నం లోపే అయిపోవాలి. ఆ సాయంత్రం ఓగో ఓగో బొమ్మల ఊరేగింపు కోసం రోడ్లు మూసేస్తారు, దుకాణాలు అంతకంటే ముందే షట్టర్లు దించేస్తాయి.

అద్దె గదిలో అందరూ తిండి గురించే ఆలోచిస్తారు, చిక్కు మాత్రం కరెంటు దగ్గర వస్తుంది. బాలిలో చాలా అద్దె ఇళ్లకు ప్రీపెయిడ్ మీటరే. డబ్బు కట్టి 20 అంకెల టోకెన్ నంబరు తీసుకుని మీటరు మీద నొక్కాలి. బ్యాలెన్స్ అడుగంటితే మీటరు పీప్ పీప్‌మని మొదలెడుతుంది, ఆ నిశ్శబ్దంలో పక్కింటికీ వినపడుతుంది. డేటా లేదు కాబట్టి యాప్‌లో టోకెన్ కొనలేరు, కొట్టుకెళ్లి కొందామంటే బయటికి పోలేరు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే కుళాయి ఆగుతుంది. అందుకే రెండు రోజుల ముందే మీటరు మీద మిగిలిన యూనిట్లు చూసుకుని, రెండు మూడు రోజులకు సరిపడా టోకెన్ ఎక్కించండి. ఎందుకైనా మంచిది, రెండు బకెట్లు నింపి పెట్టుకోండి. తాగడానికి ఇద్దరికి 19 లీటర్ల గ్యాలన్ ఒకటి చాలు.

రెండోది వెలుతురు. గదిలో చిన్న దీపం ఉన్నా వీధిలోకి కనపడకూడదు. కిటికీలకు కర్టెన్లు వేసి బాత్రూం వెంటిలేటరు మర్చిపోతుంటారు. దానికి సాయంత్రం 5 లోపే ముదురు గుడ్డ కట్టండి, చీకటి పడ్డాక స్టూలెక్కి తడుముకోవడం కష్టం.

వంట సంగతి. ఇంటివాళ్లు పొయ్యి వెలిగించని రోజున మనం కుక్కర్ విజిల్ వేయిస్తే బాగుండదు, పోపు ఘాటు కూడా గోడ దాటుతుంది. ముందురోజు రాత్రి పులిహోర కలిపి పెట్టుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి ఢోకా లేదు. పెరుగన్నం మాత్రం అక్కడి ఉక్కకు నిలవదు, ఫ్రిజ్ ఉంటేనే కలపండి. రెండు రోజులూ కలిసిన ఏడాది ఉగాది పచ్చడికి ఏ అడ్డూ లేదు, దానికి పొయ్యితో పనే లేదు కదా! మామిడికాయ, చింతపండు అక్కడి సంతలో దొరుకుతాయి, బెల్లం బదులు తాటిబెల్లం లాంటి గూలా మెరా ఉంది. వేపపువ్వు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఇన్ని తిప్పలకు దక్కేది ఆ రాత్రి ఆకాశం. అమావాస్య మర్నాడు కాబట్టి చంద్రుడి అడ్డు లేదు, దీవంతా దీపాలార్పేసి ఉంటుంది. మబ్బు పట్టకపోతే పెరట్లో నిలబడి దక్షిణాన త్రిశంకు నక్షత్రాలు చూడొచ్చు. పాలపుంత నడిబొడ్డు లేచేది అర్ధరాత్రి దాటాకే. మార్చి వానాకాలం తోక అని గుర్తుంచుకోండి.

హోటల్ సుఖం. భోజనం, ఈతకొలను ఆవరణ లోపలే ఉంటాయి, వైఫై సాధారణంగా నడుస్తుంది. పిల్లలున్నవాళ్లకు, పెద్దవాళ్లతో వచ్చినవాళ్లకు ఇదే సరి. చాలా చోట్ల రెండు మూడు రాత్రుల ప్యాకేజీయే అమ్ముతారు, ఒక్క రాత్రి ఇవ్వరు. నెల అద్దె ఎలాగూ కట్టాం కాబట్టి ఇది పైఖర్చు. పైగా రాత్రి భోజనం చీకటి పడకముందే ముగించేస్తారు, బీచ్ పక్కనే ఉన్నా ఇసుకలోకి దిగనివ్వరు. బుక్ చేసే ముందు ఈ మూడూ అడగండి: గదిలో వైఫై ఉంటుందా, చివరి భోజనం ఎన్నింటికి, చెకిన్ ముందురోజు ఎన్నింటి లోపు.

ఇక పడవెక్కడం. బాలి పక్కనున్న లొంబోక్‌లో, గిలి దీవుల్లో న్యేపి మూత ఉండదు, డేటా వస్తుంది. బాలి రేవు పాడాంగ్ బాయ్ నుంచి గిలి త్రవాంగన్‌కు స్పీడ్‌బోట్‌లో గంటన్నర, లొంబోక్‌లోని లెంబార్‌కు పెద్ద ఫెర్రీలో నాలుగైదు గంటలు. వినడానికి తేలికే. కానీ ముందురోజు సాయంత్రానికి ఊరేగింపు కోసం రోడ్లు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి, తిరిగి రావాలంటే మర్నాడు రేవు తెరవాలి. ఒక్కరోజు తప్పించుకోవడానికి మూడు రోజులు పోతాయి. రంజాన్ దగ్గర్లో పడిన ఏడాది ఇది అసలే వద్దు. 2025లో న్యేపి మార్చి 29న, ఈద్ 31న వచ్చాయి. అలాంటప్పుడు సొంతూళ్లకు పోయేవాళ్లతో రేవులు కిటకిటలాడతాయి. ఆ రోజు పని ఆపితే ఉద్యోగానికే ఇబ్బంది అనేవాళ్లకు తప్ప ఈ దారి దండగ. ఊగుతున్న పడవలో వాంతులయ్యేవాళ్లు ఎక్కకముందే మాత్ర వేసుకోవాలి.

గిలికి పోయినా వీసా గడియారం ఆగదు, అదీ ఇండోనేషియాయే. 30 రోజుల వీసా న్యేపి చుట్టుపక్కల ముగిసేలా ఉంటే పొడిగింపు పని రెండు వారాల ముందే మొదలుపెట్టండి. న్యేపి జాతీయ సెలవు, ముందూ వెనకా ఇంకో సెలవు కలిస్తే ఆఫీసు వరసగా కొన్ని రోజులు తెరవదు. గడువు దాటి ఉంటే రోజుకు పది లక్షల ఇండోనేషియా రూపాయా జరిమానా, అంటే పొడిగింపు ఫీజు 5 లక్షలకు రెట్టింపు.