మా పెంకుటింటికి కర్ర ట్రస్సులు కట్టిన మేస్త్రి పని

అమలాపురం దగ్గర పల్లెలో మా నానమ్మ ఇల్లు ఉంది. హాలు 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. గోడలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి, పోయింది పైకప్పే. తాటి దూలాల కొసల్ని గోడ లోపల ఉన్నంత మేర చెద తినేసింది. బయటికి కనబడే భాగం మాత్రం చేవతో నల్లగా మెరుస్తూనే ఉంది, అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లాక పాత కప్పు దించి, టేకుతో మూడు ట్రస్సులు, అంటే కప్పుని మోసే త్రికోణపు కర్ర చట్రాలు, కట్టించి, మళ్లీ బంగళా పెంకులే వేయించాను. ఆ పని చేసిన వడ్రంగి మేస్త్రి గురించి ఇది. చేతినిండా పని ఉంది, పేరు రాయొద్దని ఆయనే అన్నారు. ఇలాంటి పని తెలిసినవాళ్లు మీ వైపూ ఉంటారు, వాళ్లని ఎలా పోల్చుకోవాలో చెబుదామనే రాస్తున్నాను.

ముందు ముగ్గురిని పిలిచాను. ఒకాయన ఇనుప గొట్టాలతో చేసి రేకు వేస్తానన్నారు, ఖర్చు సగమే. ఇంకొకరు పాతవాటిలాగే లావు దూలాలు వేస్తే సరిపోతుందన్నారు. ఈ మేస్త్రి మాత్రం ధర మాట ఎత్తకుండా, "తొంభయ్యారు గాలివానలో ఈ కప్పు ఏమైందండీ?" అని అడిగారు.

నాకు బాగా గుర్తున్న రాత్రి అది. 1996 నవంబరు 6. నేను ఏడో తరగతి. నానమ్మ మమ్మల్నందరినీ పందిరిమంచం కిందకి తోసి, తను గుమ్మానికి వీపు ఆనించి కూర్చుంది. పెంకులు లేచిపోతున్న చప్పుడు తెల్లవార్లూ వినిపించింది. పొద్దున్న చూస్తే సముద్రం వైపు కప్పంతా ఖాళీ, రెండు దూలాలు గోడ మీద జానెడు పక్కకి జరిగి ఉన్నాయి. ఇదంతా చెబితే ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ దూలాలు కూర్చున్న చోటు వేళ్లతో తడిమి చూశారు. "బరువుకి కూర్చోబెట్టారు గానీ గాలికి పట్టి ఉంచలేదండీ" అన్నారు. పని ఆయనకే ఇవ్వాలని అప్పుడే అనుకున్నాను.

మొదటి రెండు రోజులు ఒక్క కర్ర కూడా కొయ్యలేదు. మా సిమెంటు కళ్లం కడిగించి, దాని మీద సుద్దతో ట్రస్సు మొత్తం అసలు కొలతకి గీశారు. మధ్య నుంచి గోడకి తొమ్మిది అడుగులు, ఎత్తు ఐదుంపావు. ఆ వాలు తగ్గితే ఈదురుగాలికి వాన పెంకుల సందుల్లోంచి వెనక్కి ఎక్కుతుందట. గీత ఎటూ తప్పలేదని తాడుతో ఐమూలగా కొలిచి చూపించాక గానీ రంపం పట్టలేదు. మూడు ట్రస్సులూ ఆ ఒక్క గీత మీదే పేర్చి కోశారు. పైకెత్తాక తాడు లాగి చూస్తే మూడు శిఖరాలూ ఒకే వరసలో ఉన్నాయి.

ఈ పనిలో నేను నేర్చుకున్న పెద్ద విషయం మధ్యలో ఉండే నిలువు కర్ర గురించి. ఇంజనీర్లు కింగ్ పోస్ట్ అంటారు. పాత ఇళ్లలో దూలం మీద మొగరం అనే పొట్టి నిలువు కర్ర నిలబెట్టి, దాని మీద కప్పు మోపేవారు. ఆ బరువంతా దూలం నడుము మీద పడేది, అందుకే అంత లావు దూలాలు కావాల్సి వచ్చేది. ట్రస్సులో సంగతి తిరగబడుతుంది. రెండు ఏటవాలు కర్రలు పైన ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, వాటి మధ్య నిలువు కర్ర బిగుసుకుని కిందికి వేలాడుతుంది. కింద దూలాన్ని అదే పైకి పట్టుకుంటుంది. "దూలం ఈ కర్రని మొయ్యదండీ, ఈ కర్రే దూలాన్ని మోస్తుంది" అని చెప్పి, దాని అడుగున యూ ఆకారంలో ఇనుప పట్టీ వేసి దూలాన్ని కింద నుంచి చుట్టి బోల్టు బిగించారు. దూలం చేసే పనల్లా ఏటవాలు కర్రల కాళ్లు గోడల్ని బయటికి తన్నకుండా లాగి ఉంచడం. అందుకే 6x4 అంగుళాల టేకు సరిపోయింది. ఒక్కో ట్రస్సుకి ఏడున్నర ఘనపుటడుగుల కర్ర పట్టింది.

ఒక చోట ఆయనతో వాదించాను. దూలం కొసలు ఏటవాలు కర్ర దిగిన గాడి దాటి పొడుచుకు వస్తున్నాయి, చూడ్డానికి బాగుండదు కోసేయమన్నాను. ఒప్పుకోలేదు. గాడికి అవతల జానెడు కర్ర మిగలకపోతే కప్పు బరువు పడ్డ రోజున ఆ ముక్క నార వెంట చీలి ఊడొస్తుందన్నారు. ఒక తుక్కు కర్రకి కొసకి దగ్గరగా గాడి కొట్టి, సుత్తితో ఒక్కటి వేసి చూపించారు. నిజంగానే ఊడొచ్చింది. ఆ తర్వాత నేను అడ్డు చెప్పలేదు.

బరువంటే ఎంతో చెప్పాలి. చూరుతో కలిపి మా కప్పుకి సుమారు 1,100 పెంకులు పట్టాయి. ఒక్కోటి రెండున్నర కేజీలు అనుకున్నా రెండున్నర టన్నులు దాటుతుంది. వానకి నీళ్లు పీలిస్తే ఇంకా పెరుగుతుంది.

కర్ర విషయంలో మాత్రం చాలా టెన్షన్ పడ్డాను. ఒక అడితిలో ఎండిన టేకు అని చెప్పి ఇచ్చిన కర్ర పచ్చిదని తేలింది. రంపపు పొట్టు పిడికిట్లో నొక్కితే ముద్దయింది. మేస్త్రి ఆ లోడు మొత్తం వెనక్కి పంపించారు. పచ్చి కర్రతో కడితే ఎండేకొద్దీ కుంచించుకుపోయి బోల్టులన్నీ వదులవుతాయి. వేరే చోట ఎండు కర్ర వెతికి తెచ్చేసరికి పది రోజులు పోయాయి. పాత తాటి వాసాల్లో చేవ ఉన్నవి ఏరి, చిత్రిక పట్టి మళ్లీ వాడారు. అవి చూస్తే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

గోడ మీద ప్రతి ట్రస్సు కిందా కాంక్రీటు దిమ్మ పోయించి, అందులో ముందే బోల్టులు నిలబెట్టారు. దూలం కొస దిమ్మ మీద కూర్చుని ఆ బోల్టులతో బిగుసుకుంది. గాలివాన కప్పుని పైకి లాగినా గోడ వదలదు. కొస చుట్టూ సిమెంటు పూడ్చకుండా వేలెడంత ఖాళీ వదిలారు, గాలి ఆడకపోతే అక్కడే కుళ్లు మొదలవుతుందని. మా పాత దూలాలు పాడైంది సరిగ్గా అక్కడే. చూరు వరస పెంకులన్నీ తీగతో రీపర్లకి, అంటే పెంకులు ఆనే సన్న పట్టీ కర్రలకి, కట్టించారు.

లోటు లేదని అనను. 20 రోజులన్నది 34 రోజులైంది. కర్ర తిరగ్గొట్టినందుకు పది రోజులు పోగా, మిగతా నాలుగూ ఆయన మనుషులు పెళ్లిళ్లకి వెళ్లి రాకపోవడం వల్లే. అంచనా కాగితం మీద ఇవ్వలేదు, అడిగితే నోటితో చెప్పారు. చివరికి చెప్పినదానికన్నా ఎక్కువ తీసుకోలేదు, కానీ ఆ నెలంతా నాకు లెక్క తెలియక ఇబ్బందిగానే ఉంది. మీరు మాత్రం రాయించుకోండి. ట్రస్సుల మీద అడ్డంగా వేసే పర్లిన్ కర్రల్లో ఒకదానికి ఓ పక్క తెల్లటి మెత్తకర్ర ఉంది, అది మార్చి ఉండాల్సింది. చెదల మందు రెండుసార్లు పూసి వదిలేశారు. ఏటా ఆ ఒక్కదాన్నీ నేను చూసుకోవాలి.

మాకు కర్రకి లక్షా 60 వేలు, కూలికి లక్షా 10 వేలు, ఇనుముకీ బోల్టులకీ 14 వేలు అయ్యాయి. పెంకులు వేరే. సామాను పెట్టుకునే షెడ్డుకైతే ఇంత ఖర్చు అక్కర్లేదు, ఇనుప గొట్టాలు చాలు. మనుషులు పడుకునే ఇంటికి, అదీ మే నెలలో, ఈ కప్పు కింద ఉన్న చల్లదనం నాకు రేకు కింద ఎక్కడా దొరకలేదు.

ఈ ఏడాది మే నెలలో పిలవకుండానే వచ్చారు. ఒక వేసవి గడిచాక బోల్టులు బిగించాలని ముందే చెప్పారు గానీ, గుర్తుంచుకుంటారని నేను అనుకోలేదు. మూడు ట్రస్సులూ ఎక్కి ప్రతి నట్టుకీ పానా వేశారు. కొన్ని సగం చుట్టు తిరిగాయి, కింగ్ పోస్ట్ అడుగునవి ఒక చుట్టు దాకా వచ్చాయి. డబ్బు తీసుకోలేదు, మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేసి వెళ్లారు. వెళ్తూ మిగిలిన నలభై పెంకుల్ని గోడ నీడన నిలువుగా పేర్పించారు. విరిగినప్పుడు అదే అచ్చు పెంకు మళ్లీ దొరకదు, వీటిని ఎవరికీ ఇవ్వొద్దని అమ్మకి రెండుసార్లు చెప్పారు.