ఎంఆర్‌ఐకి 1.5 టెస్లా మేలా, 3 టెస్లా మేలా?

స్కానింగ్ సెంటర్ల బోర్డుల మీద పెద్ద అక్షరాలతో ‘3 టెస్లా’ అని కనిపించినప్పుడు, అంకె పెద్దది కాబట్టి స్కాను కూడా అంత మంచిదై ఉంటుందని అనుకోవడం సహజం. బొమ్మ స్పష్టత వరకు ఆ నమ్మకంలో నిజం ఉంది. కాని ఒంట్లో పేస్‌మేకరో, వినికిడి కోసం చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంటో, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పో ఉన్న మనిషి మొదట తేల్చుకోవలసింది స్పష్టత సంగతి కాదు.

టెస్లా అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. 3 టెస్లా దానికి రెట్టింపు. ద్రవ హీలియంతో చల్లబరచిన తీగచుట్టలో విద్యుత్తు నిరంతరం ప్రవహిస్తూ ఉంటుంది కాబట్టి, స్కాను జరగని వేళ కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో ఒక రోగి బంధువు ఆక్సిజన్ సిలిండరుతో ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లి, అయస్కాంతం దాన్ని లాగేయడంతో ప్రాణం పోగొట్టుకున్నారు. ఇనుప వస్తువు గదిలోకి వచ్చాక ఈ రెండు యంత్రాల్లో ఏది మేలన్న ప్రశ్నే లేదు, రెండూ ప్రాణాంతకమే. చీర కుచ్చిళ్లకు పెట్టిన పిన్నీసు, జడపిన్నులు, మెట్టెలు, మొలతాడు, అన్నీ బయటే తీసి వెళ్లాలి.

అసలు తేడా వేడి దగ్గర మొదలవుతుంది. 1.5 టెస్లా యంత్రం సుమారు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో, 3 టెస్లా యంత్రం సుమారు 128 మెగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తాయి. స్కాను పద్ధతి ఏమీ మార్చకపోతే, క్షేత్రం రెట్టింపైనప్పుడు శరీరం పీల్చుకునే శక్తి దాదాపు నాలుగు రెట్లవుతుంది. సాధారణ పద్ధతిలో ఒళ్లంతటికీ సగటున కిలోకు 2 వాట్లు దాటకూడదన్న పరిమితి ఉంది కనుక, 3 టెస్లాలో స్కాను పద్ధతిని ఆ మేరకు సర్దుకోక తప్పదు. జ్వరంతో ఉన్నవారికి, మత్తులో ఉండి ‘కాలుతోంది’ అని చెప్పలేనివారికి 1.5 టెస్లానే మేలని నా అభిప్రాయం. రెండు అరచేతులు కలిపినా, చీలమండలు ఒకదానికొకటి తగిలినా, అలా ఒంట్లో ఏర్పడే వలయంలో విద్యుత్తు పుట్టి చర్మం కాలే అవకాశం ఏ యంత్రంలోనైనా ఉంది. మధ్యలో ప్యాడ్ పెట్టమని అడగడానికి మొహమాటపడకూడదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బలమైన దానిలో ప్రమాదం లేదని తేలితే బలహీనమైన దానిలోనూ ఉండదని అనుకుంటారు. ఒంట్లో అమర్చిన వైర్ల విషయంలో ఈ తర్కం నిలవదు. శరీరంలో రేడియో తరంగపు పొడవులో సగం 1.5 టెస్లాలో సుమారు 26 సెంటీమీటర్లు, 3 టెస్లాలో సుమారు 13 సెంటీమీటర్లు. వైరు పొడవు ఈ కొలతకు దగ్గరగా ఉన్నప్పుడు అది ఏంటెన్నాలా తరంగాన్ని పట్టుకుంటుంది, దాని కొస తీవ్రంగా వేడెక్కుతుంది. అంటే 3 టెస్లాలో ఫరవాలేని వైరు 1.5 టెస్లాలో కణజాలాన్ని కాల్చవచ్చు. అందుకే పరికరం అమర్చినప్పుడు ఇచ్చిన కార్డు మీద ఏ టెస్లా రాసి ఉందో అదే ప్రమాణం. పసుపు త్రికోణం గుర్తు ఉంటే ‘షరతులకు లోబడి మాత్రమే’ అని అర్థం. గుండె స్టెంట్లు ఉన్నవారు అంతగా కంగారుపడనక్కరలేదు, వాటిలో అత్యధిక భాగం రెండింటికీ తట్టుకుంటాయి.

ఒంట్లో లోహమేదీ లేనివారికి మూర్ఛ మూలాన్ని వెతకడానికి, ప్రోస్టేటుకు, మణికట్టు లాంటి చిన్న కీళ్లకు 3 టెస్లా నిస్సందేహంగా మెరుగు. మోకీలు మార్పిడి జరిగిన చోటును చూడవలసినప్పుడు మాత్రం లోహం చుట్టూ బొమ్మ చెదిరిపోవడం 3 టెస్లాలోనే ఎక్కువ, కనుక అక్కడ 1.5 టెస్లాకే నా మొగ్గు.

కార్డు పోయినవారు ఆపరేషన్ కాగితాలు తెచ్చి, పరికరం కంపెనీ, మోడల్ తేలేవరకు అత్యవసరం కాని స్కానును వాయిదా వేయించుకోవాలి. కార్డు మీద 1.5 టెస్లా మాత్రమే ఉంటే, ఆ యంత్రం కోసం పక్క ఊరికి వెళ్లవలసి వచ్చినా వెళ్లాలి.