వంట బాగుందని చెప్పబోయి

తెలుగులో 'మంచి' ఎవరి ముందైనా మంచే: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి. స్పానిష్, పోర్చుగీసుల్లో విశేషణం నామవాచకం లింగ వచనాలను బట్టి మారుతుంది. నియమం రెండింటిలో ఒకటే, చిక్కంతా లింగంతోనే. స్పానిష్‌లో పాలు స్త్రీలింగం, కాబట్టి చల్లని పాలు 'లెచే ఫ్రీయా'. పోర్చుగీసులో పుంలింగం, 'ఫ్రీయు' అనాలి. రక్తం కూడా అంతే.

అర్థాల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. స్పానిష్‌లో 'ఎక్స్‌కిసీతో' అంటే ఎంతో రుచిగా ఉందని. దాదాపు అదే మాట, 'ఎస్కిజీతు', బ్రెజిల్‌లో 'వింతగా ఉంది' అనే అర్థం ఇస్తుంది. ప్రేమగా వండి పెట్టినవాళ్ల మనసు నొచ్చుకుంటుంది, పాపం.

పెద్ద అనే అర్థమున్న 'గ్రాండే' నామవాచకం ముందుకొస్తే రెండు భాషల్లోనూ 'గొప్ప' అవుతుంది. స్పానిష్‌లో మాత్రం అప్పుడు ఏకవచనంలో 'గ్రాన్' అని కుదించాలి. ఈ ఒక్క విషయంలో నాకు పోర్చుగీసే తేలిక.