కుక్కతో ఫెర్రీలో యూరప్ వెళ్తున్నారా? ‘అన్నీ మేమే చూసుకుంటాం’ ప్యాకేజీలతో జాగ్రత్త

యూకేలో ఉంటూ పెంపుడు కుక్కను కారులో ఎక్కించుకుని ఫ్రాన్స్‌కో స్పెయిన్‌కో వెళ్లాలనుకునే తెలుగువాళ్లకు ఈ హెచ్చరిక. ఫెర్రీ టికెట్, కుక్క సర్టిఫికెట్, రక్తపరీక్ష, తిరుగు ప్రయాణానికి మందు అన్నీ కలిపి ఒకే ధరకు ఇస్తామని వాట్సాప్‌లో అమ్మేవాళ్లున్నారు. అవి కొని పోర్టు దాకా వెళ్లి ఇరుక్కున్నవాళ్లూ ఉన్నారు. అమ్మేవాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. పేర్లు మారుతుంటాయి, మోసం జరిగే చోట్లు మాత్రం అవే. వాటిని తెలుసుకుంటే ఎవరు అమ్మినా పట్టేయొచ్చు.

ముందు సర్టిఫికెట్ సంగతి. 2021 జనవరి 1 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌ల నుంచి ఈయూలోకి వెళ్లే కుక్కకు యానిమల్ హెల్త్ సర్టిఫికెట్ కావాలి. క్లుప్తంగా ఏహెచ్‌సీ అంటారు. దీని మీద మామూలు వెట్ (పశువైద్యుడి) సంతకం చెల్లదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న అఫీషియల్ వెటర్నరియనే చేయాలి. క్లినిక్‌ను బట్టి 100 పౌండ్ల నుంచి 250 దాకా, ఒక్కోచోట అంతకు మించి కూడా అడుగుతారు. ఎవరైనా 40, 50 పౌండ్లకే ఇస్తామంటే అక్కడే అనుమానించండి. “కుక్కను తీసుకురానక్కర్లేదు, చిప్ నంబరు పంపండి, పీడీఎఫ్ పంపిస్తాం” అంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు, అది దొంగ కాగితమే. కుక్కను క్లినిక్‌కు తీసుకెళ్లాలి, దాని చర్మం కింద ఉండే గుర్తింపు చిప్ స్కాన్ చేయించాలి, సంతకం, స్టాంపు ఉన్న అసలు కాగితాలు చేతికి తీసుకోవాలి. డబ్బు కట్టే ముందే సంతకం చేసే వెట్ పేరు అడగండి. రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ రిజిస్టర్‌లో ఆ పేరు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. ఉంటే ఆ క్లినిక్ నంబరు మీరే వెతికి ఫోన్ చేయండి. అమ్మేవాడిచ్చిన నంబరుకు చేస్తే ఉపయోగం లేదు.

దొంగ కాగితాలకన్నా ఎక్కువమందిని ముంచేవి అసలు కాగితంలోని తప్పు తేదీలు. వరస ఇదీ: మొదట మైక్రోచిప్, ఆ తర్వాత లేదా అదే రోజు రేబిస్ టీకా, ఆ పైన 21 రోజుల ఆగుడు. టీకా ముందు వేసి చిప్ తర్వాత పెడితే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాల్సిందే. పిల్లకుక్కకు 12 వారాలు నిండకుండా వేసిన టీకా కూడా చెల్లదు. 21 రోజుల్లో టీకా వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టాలి. జులై 1న వేయిస్తే జులై 22 కంటే ముందు బయలుదేరలేరు. బూస్టర్ గడువు ఒక్కరోజు దాటినా మళ్లీ మొదటి టీకా కిందే లెక్క, మళ్లీ 21 రోజులు ఆగాలి. అమ్మేవాళ్లు “టీకా ఉందిగా, చాలు” అనేది సరిగ్గా ఇక్కడే. టీకా కార్డు తీసి చిప్, టీకా, బూస్టర్ తేదీలు మూడూ మీరే చూసుకోండి, రెండు నిమిషాల పని.

సర్టిఫికెట్ చేతికొచ్చాక 10 రోజుల్లోగా ఈయూలో అడుగుపెట్టాలి. మనవాళ్లలో చాలామందికి ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు యూకే వీసా ఉన్నా షెన్‌గన్ వీసా వేరుగా కావాలి. అది ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేం. ప్యాకేజీవాడు డబ్బు తొందరగా రాబట్టుకోవడానికి ఏహెచ్‌సీ ముందే చేయించేస్తాడు. వీసా పదకొండో రోజున వస్తే ఆ కాగితం చిత్తే, కొత్తదానికి మళ్లీ డబ్బు కట్టాలి. కాబట్టి వీసా ముద్ర పాస్‌పోర్టులో పడ్డాకే వెట్ అపాయింట్‌మెంట్ పెట్టుకోండి.

పేరు కూడా చూసుకోవాలి. వెట్ రికార్డులో ఇంటిపేరుకు పొడి అక్షరం ఒక్కటే ఉండి, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉండటం మనకు మామూలే. ఏహెచ్‌సీలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయమని ముందే చెప్పండి. సర్టిఫికెట్ భార్య పేరున ఉండి కుక్కను భర్త తీసుకెళ్తుంటే ఆమె రాతపూర్వక అనుమతి దగ్గర ఉండాలి. కుక్క వెళ్లిన రోజుకు అటూ ఇటూ 5 రోజుల్లో ఆమె కూడా ప్రయాణించాలి.

భాష మాట చాలామందికి తెలియదు. ఏహెచ్‌సీ ఇంగ్లిష్‌తో పాటు ఈయూలో మొదట అడుగుపెట్టే దేశపు భాషలోనూ ఉండాలి. ఫ్రాన్స్ రేవు కలే మీదుగా వెళ్తే ఫ్రెంచ్, స్పెయిన్ రేవు సాంతాందేర్‌లో దిగితే స్పానిష్, నెదర్లాండ్స్ రేవు హుక్ ఆఫ్ హాలండ్ అయితే డచ్. చౌక టికెట్ దొరికిందని ఏజెంటు ఆఖరి నిమిషంలో దారి మారిస్తే సర్టిఫికెట్ కూడా మారాలి. ఆ మాట అతను చెప్పడు.

ప్యాకేజీలో “రేబిస్ యాంటీబాడీ రక్తపరీక్ష” అని ఒక వరస ఉంటే కొట్టేయమనండి. బ్రిటన్ నుంచి ఈయూకు వెళ్లి తిరిగి వచ్చే కుక్కకు ఆ పరీక్ష అవసరం లేదు. ఇండియా నుంచి కుక్కను బ్రిటన్ తెచ్చుకునేటప్పుడు అది తప్పనిసరి. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లు ఇక్కడా కావాలేమోనని మారు మాట్లాడకుండా కట్టేస్తారు, అమ్మేవాడికి కావలసిందీ అదే.

ఇక టికెట్. “కుక్కలకు అనుమతి ఉంది” అన్న మాట ఫెర్రీకి వర్తిస్తుంది, మీ బుకింగ్‌కు కాదు. మీ కన్ఫర్మేషన్‌లో కారు, మనుషులతో పాటు కుక్క కూడా విడిగా కనబడాలి. డోవర్–కలే గంటన్నర ప్రయాణం, చాలా ఓడల్లో కుక్క కారులోనే ఉంటుంది, మనుషులు పైకి వెళ్లిపోవాలి. పోర్ట్స్‌మత్ నుంచి సాంతాందేర్ అయితే దాదాపు 30 గంటలు. అంతసేపటికి పెట్ క్యాబిన్ గానీ ఓడలోని కెన్నెల్ (కుక్కల గది) గానీ పేరుపెట్టి బుక్ అయి ఉండాలి. వేసవి పెట్ క్యాబిన్లు నెలల ముందే అయిపోతాయి. ఏజెంటు మామూలు క్యాబిన్ ఇచ్చి “అక్కడికెళ్లాక మార్చుకోవచ్చు” అంటాడు. మార్చుకోలేరు. బుకింగ్ నంబరు తీసుకుని ఫెర్రీ కంపెనీ సైట్‌లో మీరే లాగిన్ అయి చూసుకోండి. నంబరు ఇవ్వనంటే ఆ టికెట్ లేదనే అర్థం.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు తిరుగు ప్రయాణంలో బయటపడుతుంది. బ్రిటన్‌లోకి వచ్చే కుక్కకు బద్దెపురుగుల మందు వేయించి ఉండాలి. అది ప్రాజిక్వాంటెల్ లేదా అంతే బలంగా పనిచేసే మందు కావాలి. చేరే సమయానికి 24 గంటల కంటే తక్కువ కాకుండా, 120 గంటలు దాటకుండా ఒక వెట్ వేసి, ఏహెచ్‌సీలో మందు పేరు, తయారీదారు, తేదీ, గంట రాసి, సంతకం చేసి స్టాంపు కొట్టాలి. ప్యాకేజీవాళ్లు ఒక మాత్రల పట్టీ చేతిలో పెట్టి “వచ్చే ముందు వేసేయండి” అంటారు. ఇంట్లోనో హోటల్లోనో మీ చేత్తో వేసిన మాత్ర కుక్క కడుపుకు మంచిదే కావచ్చు, పోర్టులో లెక్కకు రాదు.

లెక్క ఇలా కట్టండి. ఓడ ఆదివారం మధ్యాహ్నం 12కు డోవర్ చేరుతుందంటే, మంగళవారం మధ్యాహ్నం 12 నుంచి శనివారం మధ్యాహ్నం 12 లోపు మందు పడాలి. ఈ గడువు చివరల్లో పెట్టుకోకండి. మంగళవారం ఒంటిగంటకు వేయించి ఓడ రెండు గంటలు ఆలస్యమైతే గడువు దాటిపోయినట్టే. గురువారం వేయించుకుంటే రెండు వైపులా ఊపిరి ఉంటుంది. సాంతాందేర్ ఓడకైతే ఆ చివరి గంటలు సముద్రం మీదే గడిచిపోతాయి కాబట్టి శుక్రవారం లోపే పని అయిపోవాలి. ఆదివారాలు వెట్ దొరకడం కష్టం. ఆగస్టు 15 ఫ్రాన్స్‌లోనూ స్పెయిన్‌లోనూ సెలవే. ఇంట్లో బయలుదేరే ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెట్ దగ్గర బయటికి వచ్చే ముందు గంట రాశారో లేదో చూడండి, ఎక్కువగా మర్చిపోయేది అదే. మందు వేయించిన 120 గంటల్లోపే తిరిగి చేరేదైతే బయలుదేరే ముందు ఇక్కడి వెట్‌తోనే వేయించుకోవచ్చు, కాకపోతే తిరిగి చేరేసరికి 24 గంటలు గడిచి ఉండాలి.

కాగితంలో లోపం ఉంటే చెకిన్ దగ్గరే ఆపేస్తారు. అక్కడే ఒక వెట్‌ను వెతుక్కుని మందు వేయించి 24 గంటలు ఆగాలి. హోటల్ ఖర్చు, కొత్త టికెట్ ఖర్చు మీవి. ప్యాకేజీవాడు ఆపాటికి ఫోన్ ఎత్తడు.

ప్యాకేజీతో పాటు అంటగట్టే సామాన్ల గురించి రెండు మాటలు. “క్రాష్ టెస్టెడ్” అని రాసిన హార్నెస్ (కుక్క ఛాతీకి తొడిగే పట్టీ) కొనేముందు ఏ ల్యాబ్‌లో, ఎన్ని కిలోల బరువుతో పరీక్షించారని అడగండి. జవాబు లేకపోతే అది స్టిక్కరే. ప్లాస్టిక్ బకిల్ మీద భారం పడే రకం వద్దు. సీటుబెల్టు క్లిప్పును ఎప్పుడూ హార్నెస్‌కే తగిలించాలి, మెడ కాలర్‌కు కాదు. ఒంటి పురుగులు (ఫ్లీలు), పిడుదులు రాకుండా కట్టే నకిలీ కాలర్ల గురించి బ్రిటన్ పశు ఔషధాల సంస్థ వీఎండీ పలుమార్లు హెచ్చరించింది, వాటిని వెట్ దగ్గరో పేరున్న ఫార్మసీలోనో కొనండి. దక్షిణ స్పెయిన్‌లో ఇసుక ఈగల వల్ల లీష్మేనియా అనే జబ్బు వస్తుంది. దానికి డెల్టామెత్రిన్ అనే మందున్న కాలర్ వారం ముందే కట్టాలి, బయలుదేరే రోజు కడితే ఆలస్యమే.

“ఓడలో నిద్రపోతుంది” అని మత్తుమందు ఇస్తే తీసుకోకండి. మత్తులో ఉన్న కుక్క రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడిని అదుపు చేసుకోలేదు. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు అది మరీ ప్రమాదం. వాంతులే సమస్యైతే మారోపిటెంట్ అడగండి, ప్రయాణానికి గంట ముందు కొద్ది తిండితో ఇస్తే చాలు, మోతాదు వెట్ చెప్పాలి. కారు డెక్కు మీద వదిలేటప్పుడు కారు లోపలి కదలికను పట్టే అలారం సెన్సర్ ఆపేయండి, లేకపోతే కుక్క ఒత్తిగిలినప్పుడల్లా మోగి దాన్ని బెదరగొడుతుంది. అద్దాలు కొద్దిగా దించి, నీళ్ల గిన్నె పెట్టి, పట్టీ విప్పేయండి.

కుక్క కోసం పెరుగన్నం డబ్బా, చికెన్ ట్రీట్లు కట్టుకెళ్లకండి. బ్రిటన్ నుంచి మాంసం, పాల పదార్థాలు ఈయూలోకి తీసుకెళ్లకూడదు. వైద్యపరంగా తప్పనిసరైన ప్రత్యేక ఆహారానికి మాత్రం 2 కిలోల వరకు, సీలు తీయకుండా, మినహాయింపు ఉంది. రాట్‌వైలర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట: ఫ్రాన్స్‌లో అది రెండో వర్గం కుక్క, బయట మూతికి మజిల్, పట్టీ తప్పనిసరి. పిట్‌బుల్ రకాలను దేశంలోకే రానివ్వరు.

డబ్బు ఇప్పటికే కట్టేసి ఉంటే చాట్లు, రశీదు, పంపిన పీడీఎఫ్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, అవతలివాళ్లు మెసేజ్‌లు చెరిపేస్తారు. ధర 100 పౌండ్లు దాటి నేరుగా క్రెడిట్ కార్డుతో కట్టినట్టయితే బ్రిటన్ కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద డబ్బు వెనక్కిమ్మని కార్డు కంపెనీని అడగొచ్చు. డెబిట్ కార్డైతే చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి రప్పించడం) పెట్టమని బ్యాంకును అడగండి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసుంటే ఆ రోజే బ్యాంకుకు ఫోన్ చేయండి. ఇంకా కట్టనివాళ్లు ఒక పని చేయండి: అమ్మేవాడిని వెట్ పేరు, ఫెర్రీ బుకింగ్ నంబరు అడగండి. రెండూ ఇవ్వకపోతే రూపాయి కూడా పంపకండి.